బరువుబండి - పరుగుబండి

నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము రెండు మోటారుబండ్ల చరిత్రము. అందొకటి బరువు మోయుటకు బుట్టినది. రెండవది పరుగుపెట్టుటకు బుట్టినది. మొదటిది అమెరికాలో షెవ్రొలే కంపెనీవారు 1947వ సంవత్సరమున వెలువరించిన అరటన్ను పికప్పులారీ. రెండవది ఆ కంపెనీవారే 1953లో వెలువరించిన కార్వెట్ అను స్పోర్ట్సుకారు. వ్యాకరణమును గావ్యములను జదివి, ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు దెలుగును జరిత్రయు జెప్పిన నావంటివానికి మోటారుబండ్లతో నేమి పనియని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. కాని చరిత్ర యనగా రాజుల వంశావళి మాత్రమే కాదు. మనుష్యుడు తన చేతులతో జేసిన ప్రతి వస్తువును వాని మనస్సునకు సాక్షి. ఒక కాలమున జనులు దేనిని మోటు అనిరో, దేనిని ముద్దు చేసిరో తెలిసికొన్నచో, ఆ కాలపు జనులను దెలిసికొన్నట్లే.

ఈ రెండు బండ్లను బ్రక్కప్రక్కను నిలిపి చూచినవారు సామాన్యముగా ననుమాట యొకటి గలదు. పికప్పు చాకిరిబండి, కార్వెట్ వేడుకబండి. అది యెద్దు, ఇది గుఱ్ఱము. రెంటికిని బొత్తు లేదు. పైపైని జూచిన నీమాట నిజమువలెనే యుండును. ఇంజనుమీది మూత యెత్తి చూచిన మాత్రము సంగతి మాఱిపోవును. ఆ సంగతినే మీకు వరుసగా విన్నవించెదను.

మొదట బరువుబండి పుట్టుక చెప్పవలెను. హెన్రీ ఫోర్డు తన ప్రసిద్ధమైన మోడల్-టి కారును 1908లో వెలువరించెను. అది చౌకబండి యగుటచే పల్లెటూళ్ల రైతులు కూడ దానిని గొనిరి. రైతుచేతికి వచ్చిన వస్తువు ఊరక యుండదుగదా! ఆదివారమున బెండ్లాము బిడ్డలతో గుడికి బోయిన కారునకే, సోమవారమున వెనుక నొక చెక్కపెట్టె తగిలించి, పాలక్యానులు, ధాన్యపు బస్తాలు, కోడిగంపలు వేసికొని సంతకు బోయెడివారు. ఊరి వడ్రంగి చేసిన పెట్టె, ఊరి కమ్మరి బిగించిన మేకులు: ఇదియే పికప్పునకు బూర్వరూపము. అనగా ఈ బండిని ముందుగా నూహించినది కంపెనీ కాదు, కాపు. కంపెనీ యతని వెనుక నడిచినది. 1925లో ఫోర్డు కంపెనీవారు తామే కర్మాగారములో బెట్టె బిగించి, మోడల్-టి పికప్పును 281 డాలర్లకు అమ్మసాగిరి. ఆ పెట్టె పొడవు 56 అంగుళములు, వెడల్పు ఇంచుమించు 40 అంగుళములు, లోతు 13 అంగుళములు. వెనుకతలుపు దింపుటకును ఎత్తుటకును వీలుగా నుండెను. బరువునకు దగినట్లు వెనుక కమానుకట్టలు గట్టివి వేసిరి. మొదటి యేటనే యిట్టివి సుమారు 34 వేల బండ్లు అమ్ముడుపోయెను.

ఇక షెవ్రొలే కంపెనీ మాట. దీని పుట్టుకలోనే యొక చమత్కారము గలదు. స్విట్జర్లండు దేశమున 1878లో బుట్టిన లూయీ షెవ్రొలే యనునతడు మోటారు పందెములలో బేరుమోసిన వీరుడు. విలియం డ్యూరాంటు అను వ్యాపారి యతని పేరుతో 1911లో నీ కంపెనీని స్థాపించెను. లూయీ కోరినది గొప్ప వేగముగల పెద్దబండి; డ్యూరాంటు కోరినది పదిమందికి అందుబాటగు చౌకబండి. ఇరువురకును బొసగలేదు. కొలది సంవత్సరములకే లూయీ తనపేరు కంపెనీకి వదలి తాను వెడలిపోయెను. 1918లో నా కంపెనీ జనరల్ మోటార్సు అను మహాసంస్థలో గలిసిపోయెను. పందెగాని పేరు పెట్టుకొన్న కంపెనీ నాలుగు దశాబ్దములపాటు సంసారపక్షపు కార్లను, బరువులారీలను చేయుచు గాలము గడిపినదన్నమాట. పేరొకదారి, పని యొకదారి!

ఆ కంపెనీవారు 1929వ సంవత్సరపు బండ్లకు ఆఱు సిలిండర్ల ఇంజనును బెట్టిరి. అంతవఱకు చౌకబండ్లకు నాలుగు సిలిండర్లే యుండెడివి. నాలుగింటి వెలకే యాఱు ఇచ్చుచున్నామని వారు చాటిరి. ఆ ఇంజనులో వాడిన మేకులు వంటపొయ్యికి బిగించు మేకులవలె నుండుటచే, జనులు దానికి 'స్టవ్‌బోల్టు', అనగా పొయ్యిమేకు, అని ముద్దుపేరు పెట్టిరి. పోతయినుముతో జేసిన మోటు ఇంజను. చెడిన నేయూరి పనివాడైనను బాగుచేయగలడు. దీనికి మన దేశముతో గూడ సంబంధము గలదు. 1928లో జనరల్ మోటార్సువారు బొంబాయిలో నొక కర్మాగారమును స్థాపించి, విడిభాగములను దెప్పించి షెవ్రొలే బండ్లను గూర్చి యమ్మసాగిరి. 1954 వఱకు నది నడచెను. మన తాతల తండ్రులు దుమ్ము రేపుకొనుచు బోవు షెవ్రొలే బస్సులను లారీలను జూచి, ఆ పేరును తమ నాలుకకు దగినట్లు 'షెవర్లెట్టు' అని పలికినది ఆ కాలముననే.

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసెను. యుద్ధకాలములో అమెరికా కర్మాగారములు తుపాకులు, విమానపు ఇంజనులు, సేనావాహనములు చేయుటలో మునిగియుండెను. ఇంటిబండ్లు చేయుట యించుమించు నిలిచిపోయెను. రైతుల ప్రాతబండ్లు అరిగి విఱిగియుండెను. అందుచేత యుద్ధము ముగియగానే మొట్టమొదట గావలసినది వేడుకబండి కాదు, పనిబండి. 1947వ సంవత్సరము జూన్ నెలలో షెవ్రొలేవారు సరిక్రొత్త పికప్పును వెలువరించిరి. అరటన్ను తరగతి బండికి 3100 అని సంఖ్య. ముందుచక్రము మొదలు వెనుకచక్రము వఱకు దూరము 116 అంగుళములు. వెనుకపెట్టె పొడవు 78 అంగుళములు, అనగా ఆఱున్నర యడుగులు. పెట్టె యడుగున చెక్కపలకలు పఱచి, నడుమనడుమ నినుపపట్టీలు బిగించిరి. వెనుకతలుపునకు గొలుసులు. ముందుగది యినుపఱేకుతో జేసి, ముగ్గురు మగవారు భుజములు రాచుకొనకుండ గూర్చుండునంత వెడల్పు చేసిరి. ఇంజను స్టార్టు చేయుటకు గాలితో నేలమీది మీటను ద్రొక్కవలెను. ఇంజను పరిమాణము 216 ఘనపు టంగుళములు. బలము 90 అశ్వబలములు.

ఆ బండిని జూచిన నాకు మన కాపు గుర్తునకు వచ్చును. గుండ్రని భుజములు, వంగిన నుదురు, ఏ పని చెప్పినను గాదనని చూపు. అందము కొఱకు జేసినది కాకపోయినను, పనికి దగిన యాకారము గలది యగుటచే దానికి దానియందమే వచ్చినది. అట్టి రూపుతోనే యది కొలది మార్పులతో 1955 మొదలు వఱకును దయారగుచుండెను.

ఇక పరుగుబండి కథ. యుద్ధమునకై ఇంగ్లండునకు బోయిన అమెరికా సైనికులు అచ్చట ఎం.జి. అను పేరుగల చిన్నచిన్న బండ్లను జూచిరి. పైకప్పు గుడ్డది, ఇరువురకే చోటు, నేలకు జేరువగా నుండును, మలుపులలో బిల్లివలె దిరుగును. తమ దేశపు పెద్ద కార్లకు అలవాటుపడిన యా యువకులకు ఇది వింతయయ్యెను. తిరిగి పోవునపుడు గొందఱు వానిని వెంట దీసికొనిపోయిరి. 1948లో ఇంగ్లండులోని జాగ్వారు కంపెనీవారు ఎక్స్.కె.120 అను స్పోర్ట్సుకారును ప్రదర్శించిరి. 1949 మే నెలలో బెల్జియములోని జబ్బెకె యను చోట నది గంటకు 132 మైళ్లు మించిన వేగముతో బరుగెత్తెను. 1948 అక్టోబరులో న్యూయార్కు రాష్ట్రములోని వాట్కిన్సు గ్లెన్ అను గ్రామపు వీథులలోనే స్పోర్ట్సుకార్ల పందెములు మొదలయ్యెను. పందెము చూడవచ్చిన యమెరికా వారి ముందు ముఖ్యముగా బరదేశపు బండ్లే వన్నెకెక్కుచుండెను.

జనరల్ మోటార్సులో బండ్ల యాకారములకు బెద్దయైన హార్లీ ఎర్లు అనునతనికి నిది సహింపరానిదయ్యెను. మనదేశపు స్పోర్ట్సుకారు మనకు వలదా యని యతడు పట్టుబట్టి యొక నమూనా చేయించెను. 1953 జనవరిలో న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలులో మోటోరామా యను ప్రదర్శనమున దానిని నిలిపిరి. కార్వెట్ అని పేరు పెట్టిరి. కార్వెట్ అనగా వడిగల చిన్న యుద్ధనౌక. జనులు తెల్లని యా బండిని జూచి మురిసిపోయిరి. ఆఱునెలలు తిరుగక మునుపే, 1953 జూన్ 30వ తేదీన, మిచిగన్ రాష్ట్రమందలి ఫ్లింటు పట్టణములో మొదటి కార్వెట్ తయారై బయటికి వచ్చెను. ఆ సంవత్సరమున జేసినవి మొత్తము 300 మాత్రమే. అన్నియు దెల్లనివే, అన్నిటి లోపలి యాసనములును ఎఱ్ఱనివే. వెల 3,498 డాలర్లు.

ఇప్పుడు రెంటిని దగ్గఱ బెట్టి యంగాంగము పోల్చి చూతము.

దేహము మొదట. పికప్పు దేహము ఇనుపఱేకు. కార్వెట్ దేహము ఫైబరుగ్లాసు, అనగా గాజునారను జిగురుద్రవములో దడిపి గట్టిపఱచినది. ఇనుపఱేకును నొక్కుటకు బెద్దపెద్ద అచ్చులు కావలయును. అవి తయారగుటకు గాలము పట్టును, ధనము పట్టును. కొద్దిబండ్లు త్వరగా జేయవలెనన్న గాజునారయే తగినదని యెంచిరి. అది తేలిక, తుప్పు పట్టదు. కాని గోధుమబస్తాలను గాని, కంచెకు గావలసిన రాళ్లను గాని దానిపై నెత్తివేయుట కలలోనైన దలపరాదు.

తలుపులు రెండవది. పికప్పు తలుపునకు బయట బలమైన పిడి గలదు. బురదచేతితో బట్టుకొన్నను బాధలేదు. మొదటి కార్వెట్ తలుపునకు బయట బిడియే లేదు! చేయి లోపలికి జాచి తలుపు తీయవలెను. దింపి యెత్తు అద్దములును లేవు. వాన వచ్చిన బ్రక్కలకు దెరలు తగిలించుకొనవలెను. మూడువేల యైదువందల డాలర్లు పోసిన వానికి వానలో దెరలు, చౌకబండి కొన్న రైతునకు వానలో నద్దములు! సంపదకును సౌఖ్యమునకును ఎల్లప్పుడు పొత్తు కుదరదని పెద్దలు చెప్పిన మాటకు నింతకన్న దృష్టాంత మేమి కావలెను?

చక్రములు మూడవది. పికప్పులో వెనుకచక్రము ఒక్కచుట్టు తిరుగుటకు, ఇంజనునుండి వచ్చు ఇరుసు నాలుగు చుట్లకు బైగా, లెక్కకు 4.11 చుట్లు, తిరుగవలెను. కార్వెట్‌లో 3.55 చుట్లు చాలును. దీని భావమేమి? ఏతము త్రొక్కువారికి ఇది సులభముగా దెలియును. ఆనిక దూరము చేసిన కొలది బరువు తేలికగా లేచును, కాని కదలిక నెమ్మదించును. దగ్గఱ చేసిన కదలిక వడియగును, కాని బరువు లేవదు. పికప్పు వడిని వదలి బలమును గొన్నది. కార్వెట్ బలమును వదలి వడిని గొన్నది. రెండును ఒకే త్రాసులోని రెండు తట్టలు.

ఇక నాలుగవది హృదయము, అనగా ఇంజను. ఇచ్చటనే నేను మొదట జెప్పిన రహస్యమున్నది. గంధర్వాంగనవలె నున్న యా తెల్లని కార్వెట్ మూత యెత్తిచూచిన, లోపల నున్నది పొయ్యిమేకు ఇంజనే! షెవ్రొలేవారియొద్ద నాడు స్పోర్ట్సుకారునకు దగిన ప్రత్యేకమైన ఇంజను లేదు. 216 ఇంజనునకు అన్నగారు 235 ఘనపు టంగుళముల ఇంజనొకటి యుండెను. అది 1941లో బెద్దలారీల కొఱకు బుట్టినది. ధాన్యము, బొగ్గు, కలప మోసి మోసి కాకలుదీరినది. తరువాత నింటికార్లకు వచ్చినది. దానినే సవరించి కార్వెట్‌లో బెట్టిరి. ఒక కార్బ్యురేటరునకు మాఱుగా మూడు పెట్టిరి. లోపలి యావిరిని నొక్కు నిష్పత్తి పికప్పులో నించుమించు ఆఱున్నర యుండగా నిందులో నెనిమిది చేసిరి. కవాటములను మఱింత యెత్తు కాముషాఫ్టును వేసిరి. పొగగొట్టములు రెండు చేసిరి. ఇంతతో బలము 150 అశ్వబలములకు బెరిగెను.

మఱియొక ముఖ్యమైన భేదము నూనెలో నున్నది. ప్రాత 216 ఇంజనులో, కదలుకడ్డీల యడుగున జిన్న గరిటెలవంటివి యుండి, తిరుగునపుడెల్ల నూనెతొట్టిలో మునిగి నూనెను దీసికొనుచుండును. నిదానముగా నడచు బండికి ఇది చాలును. వేగము హెచ్చినచో నా గరిటెనూనె చాలక కీళ్లు కాగిపోవును. 1953లో సవరించిన 235 ఇంజనులో పంపు ద్వారా నూనెను ఒత్తిడితో బ్రతి కీలునకును బంపు నేర్పాటు చేసిరి. పరుగునకు ముఖ్యమైనది గుఱ్ఱపు కాళ్లే కాదు, దాని నాడులలో బాఱు నెత్తురును; ఈ ఏర్పాటువలననే లారీయింజను పందెపుబండిలో నిలువగలిగెను.

బొంతగట్టిన యెద్దునకు బట్టుజీను వేసినట్లు పందెగాండ్రు దీనిని జూచి పెదవి విఱిచిరి. అందునను గేర్లు తామే మార్చుకొను రెండుగేర్ల పవర్‌గ్లైడు అను యంత్రము మాత్రమే యిచ్చుటచే, చేత గేరు మార్చుకొను వినోదము లేక వారికి మఱింత యసంతృప్తి కలిగెను. 1954లో సెయింట్ లూయీ పట్టణమున 3,640 కార్వెట్లు చేసిరి. సంవత్సరాంతమునకు వానిలో వేయికి బైగా అమ్ముడుపోక నిలిచిపోయెను. 1955లో జేసినవి 700 మాత్రమే. ఆ యేటనే ఫోర్డువారు థండర్‌బర్డు అను ఇరువురి బండిని దెచ్చి పదునాఱువేలకు బైగా నమ్మిరి. కార్వెట్‌ను మూసివేయవలెనా యను ప్రశ్న కంపెనీ పెద్దల ముందు నిలిచెను. వేడుకబండి ప్రాణము వెండ్రుకను వ్రేలాడెను. ఆ యేండ్లలో బికప్పునకు అట్టి ప్రశ్నయే లేదు. పొలమున్నంతకాలము బండి కావలయునుగదా!

కార్వెట్ ప్రాణమును నిలిపినవారిలో ముఖ్యుడు జోరా ఆర్కస్-డుంటోవ్ అను ఇంజనీరు. రష్యా దేశపు తల్లిదండ్రులకు 1909లో బ్రస్సెల్సు నగరమున బుట్టినవాడు. 1953 మోటోరామాలో కార్వెట్‌ను జూచి మోహపడి, ఆ కంపెనీలోనే యుద్యోగమునకు జేరెను. ఈ బండిని విడిచిపెట్టుట కంపెనీ యోటమి నొప్పుకొనుటయే యని యతడు పెద్దలకు వ్రాసెను. ఫోర్డుతోడి స్పర్ధయు అతని వాదమునకు దోడయ్యెను. 1955లో షెవ్రొలేవారు ఎనిమిది సిలిండర్ల క్రొత్త ఇంజనును దెచ్చిరి. 265 ఘనపు టంగుళములది. దానిని కార్వెట్‌లో బెట్టగా 195 అశ్వబలములు వచ్చెను. అప్పటినుండి యది నిజమైన స్పోర్ట్సుకారయ్యెను. 1981 నుండి నేటివఱకు గెంటకీ రాష్ట్రములోని బౌలింగ్ గ్రీన్ పట్టణమున నది తయారగుచున్నది.

ఇచ్చట మీరొక సంగతి గమనింపవలెను. ఆ 1955వ సంవత్సరముననే ఆ యెనిమిది సిలిండర్ల ఇంజనును, కోరినవారికి, క్రొత్త పికప్పులలో గూడ నిచ్చిరి. అంతేకాదు. కేమియో క్యారియరు అను క్రొత్తరకపు పికప్పు నొకటి చేసి, దాని పెట్టె ప్రక్కలకు గాజునార పలకలు తొడిగిరి. ఆ పలకలను జేసినవారు ఓహాయో రాష్ట్రములోని యాష్టబ్యూలా యను చోట గార్వెట్ దేహపు పలకలను జేసిన కంపెనీవారే! రెండేండ్ల మునుపు లారీ తన హృదయమును బరుగుబండికి యిచ్చినది. ఇప్పుడు పరుగుబండి తన చర్మమును లారీకి యిచ్చినది.

ఈ యిచ్చిపుచ్చుకొనుటను జూచిన నాకు భారతములోని నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చును. బాహుకుడను పేరుతో వంటవాడై, సారథియై యున్న నలుడు ఋతుపర్ణుని రథమును దోలుచుండగా రాజు ఉత్తరీయము జాఱిపడెను. ఆపుమని రాజు చెప్పునప్పటికే రథము యోజనము దూరము దాటిపోయెను. అట్టి వేగమును నేర్చినవాడు నలుడు. క్షణములో జెట్టు ఆకులను గాయలను లెక్కించు విద్య నేర్చినవాడు ఋతుపర్ణుడు. ఇరువురును ఒకరి విద్య నొకరికి ఇచ్చికొనిరి. అశ్వహృదయము రాజునకు, అక్షహృదయము సారథికి. దానితోనే నలుని కష్టము గట్టెక్కెను. ఎవని విద్య వానికే చాలునని యిరువురును బిగదీసికొని కూర్చున్నచో కథ యచ్చటనే నిలిచిపోయెడిది.

కొన్నియేండ్ల క్రిందట నేను మా కుమారునియొద్ద గొన్నాళ్లుండుటకై అమెరికాకు బోయినప్పుడు, ఓహాయో రాష్ట్రములో నొక చిన్న యూరిలో బ్రాతబండ్ల ప్రదర్శనమును జూచితిని. పచ్చికబయలిలో వందకు బైగా బండ్లు. ఒకచోట దెల్లని ప్రాతకార్వెట్; దాని చుట్టును జనము, చేతులలో గెమేరాలు, ముట్టరాదను త్రాడు. నాలుగు బండ్ల కవతల నాకుపచ్చని ప్రాతపికప్పు; దాని చుట్టు త్రాడులేదు. పిల్లలు పెట్టెలోని కెక్కి యాడుచుండిరి. ప్రక్కన మడతకుర్చీలో నెనుబదేండ్ల రైతొకడు కూర్చుండియుండెను. బండి యంతయు గ్రొత్తరంగుతో మెఱయుచుండగా, పెట్టెయడుగు చెక్కలు మాత్రము గీతలతో, నూనెమఱకలతో నుండెను. వానిని మాత్రమేల మార్పలేదని నా మనుమని చేత నడిగించితిని. "అవి మా నాయన గీసిన గీతలు. వానిని మార్చిన బండి నాది యగును గాని మా నాయనది కాదు" అని యా వృద్ధుడు బదులు చెప్పెను. దేశము వేఱు, భాష వేఱు. ఆ మాట మాత్రము మన యూరి రచ్చబండమీద విన్నట్లేయుండెను.

చరిత్ర చదువువానికి ఆ పచ్చికబయలులో నొక ప్రశ్న యెదురగును. 1953లో జేసిన 300 కార్వెట్లలో జాలభాగము నేటికిని భద్రముగా నున్నవి. లక్షలకొలది చేసిన యా కాలపు పికప్పులలో బెక్కు తుప్పుపట్టి, ముక్కలై, కరగి మఱియొక యినుమై పోయినవి. కారణము స్పష్టము. దాచుకొన్నది నిలుచును, పనిచేసినది యరుగును. కావున వెనుకటి కాలమును వస్తుసంగ్రహశాలలో మాత్రమే చూచువానికి, ఆనాటి వారందఱును దెల్లని పరుగుబండ్లెక్కి తిరిగినట్లు తోచును. మన ప్రాచీన చరిత్రయందును ఇట్టి మోసము గలదు. రాజుల రథములు, గజములు, తురగములు కావ్యములందును శిల్పములందును నిలిచియున్నవి. ఆ రాజు కోటకు రాళ్లు మోసిన బండ్లు, ఆ సేనకు బియ్యము మోసిన పెరికయెడ్లు ఎచ్చట? బండికింత, పెరికకింత యని సుంకములెక్కలో నొకపంక్తి దొరకవచ్చును. బండివాని పేరు దొరకదు. నిలిచినదానిని మాత్రమే కాక, అరిగిపోయినదానిని గూడ లెక్కించుటయే చరిత్రకారుని ధర్మము.

"అయ్యా, పరుగుబండి వట్టి విలాసముగదా, దానివలన లోకమునకు నేమి మేలు?" అని మీరడుగవచ్చును. నేనట్లనను. నూనె నొత్తిడితో బంపు నేర్పు, తేలికదేహము, మలుపులో దప్పని నడక, ఇట్టి విద్యలు వేగమును గోరిన చోట ద్వరగా బదునెక్కును. తరువాత నవి యందఱి బండ్లకును వచ్చును. పందెపుటెడ్లను బెంచువాడు వ్యర్థుడనరాదు. ఆ జాతిబీజము తరువాత నూరి మందకు మేలు చేయును. కాని వేగమే గొప్పయని బరువును మఱచినచో నేమగునో చెప్పుటకు మఱియొక దృష్టాంతము గలదు.

1991లో జనరల్ మోటార్సువారి జి.ఎమ్.సి. శాఖవారు సైక్లోను అను పికప్పును జేసిరి. 280 అశ్వబలములు. ఆ యేడు కార్ అండ్ డ్రైవర్ అను పత్రికవారు దానిని ఇటలీదేశపు ఫెరారీ కారుతో బోటీకి నిలుపగా, పావుమైలు పరుగులో బికప్పే ముందు నిలిచెను! లోకము విస్తుపోయెను. కాని యా పికప్పు మోయదగిన బరువు 500 పౌనులు మాత్రమే యని కంపెనీవారే నిర్ణయించిరి. 1947నాటి ముసలిబండి, 90 అశ్వబలములతో, అరటన్ను తరగతిదని పేరుపొందినది. అందుకు మూడింతలకు బైగా బలముగల మనుమడు మోయునది దానిలో సగము! అట్టివి మూడువేలకు లోపుగనే చేసి యా యేటితో సరిపెట్టిరి. ఫెరారీని గెలిచిన పికప్పు గెలిచినది పందెము. ఓడినది తన వృత్తి. మఱియొకవైపు సాదా పికప్పును జూడుడు. ఫోర్డువారి ఎఫ్ శ్రేణి పికప్పులు 1977 మొదలు 2024 వఱకు నేటేట అమెరికాలో నన్నిటికన్న నెక్కువగా అమ్ముడుపోయిన లారీలుగా నిలిచినవి. మన దేశమునందును 2005లో టాటావారు ఏస్ అను చిన్నలారీని దెచ్చినప్పుడు, కూరగాయల గంపలనుండి పెండ్లిసామానుల వఱకు మోయుచు నది యెట్లు సందుసందునకు వ్యాపించెనో మీరెఱుగుదురు.

ఛాందోగ్యోపనిషత్తులో రైక్వుని కథ గలదు. జానశ్రుతి యను రాజు గొప్పదాత. అతనికన్న రైక్వుడను జ్ఞాని గొప్పవాడని విని వెదకించెను. ఆ జ్ఞాని దొరకినది సభలో గాదు; ఒక బండిక్రింద గూర్చుండి యొడలు గోకికొనుచుండెను. రాజు గోవులను, హారమును, కంచరగాడిదలు గట్టిన రథమును దెచ్చి సమర్పింపగా, మొదట రైక్వుడు వానిని త్రోసివేసెను. రథము గలవాడు బండి గలవానియొద్దకు విద్యకై రావలసివచ్చెను. అంతమాత్రమున రథము వలదని యుపనిషత్తు చెప్పలేదు; రథమెక్కి వచ్చినవాడు బండియొద్ద దిగి కూర్చుండుట నేర్వవలెనని చెప్పినది.

శ్రోతలారా! మన యిండ్లలోను ఈ రెండు బండ్లును గలవు. ఒక కొడుకు దూరదేశమునకు వడిగా బోయి పేరు తెచ్చును. ఊరంతయు వాని ఫొటోను జూచి మురియును. ఒక కొడుకు పొలమును, పశువులను, ముసలి తల్లిదండ్రులను మోయుచు నూరనే యుండును; వానికి ఫొటో లేదు. వడిగా బోయినవాని గుండెలో గొట్టుకొనునది యేయింటి యింజనో, ఏ బరువులు మోసి గట్టిపడినదో, పెద్దలైన మీరు మఱువకుడు, వానికిని మఱపురానీయకుడు. పరుగువానిని బొగడుడు, తప్పులేదు. కాని ఆ పొగడ్తలో సగము బరువు మోయువాని చెవిని బడునట్లు, వాడు బ్రతికియుండగనే పొగడుడు. అరిగిపోయిన తరువాత బలకలమీది గీతలను జూచి కన్నీరు పెట్టుటకంటె నది మేలు.

స్వస్తి.